సిస్టరు లెక్కకు విలువ ఇవ్వాలి

కొత్త రకం ఫ్లూను మొదట కనిపెట్టేది పెద్ద ప్రయోగశాలే అని చాలామంది అనుకుంటారు. దానికి పేరు పెట్టేది ప్రయోగశాలే, కాదనను. కానీ నమూనా అక్కడికి చేరాలంటే ముందు ఎవరో ఒకరికి అనుమానం రావాలి.

2009 సంగతే చూడండి. మార్చి ఆఖరులో అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియాలో పదేళ్ల బాబుకు, తొమ్మిదేళ్ల పాపకు జ్వరం, దగ్గు వచ్చాయి. ఇద్దరూ వేర్వేరు కౌంటీల పిల్లలు. ఏ రకమో తేలని ఆ నమూనాలను సీడీసీ సంస్థకు పంపారు. ఏప్రిల్ మధ్యలో రెండింటిలోనూ ఒకే కొత్త హెచ్1ఎన్1 వైరస్ కనబడింది. మనం స్వైన్ ఫ్లూ అన్నది దీన్నే. పిల్లలిద్దరూ పందుల దగ్గరకు వెళ్లలేదు కాబట్టి, ఇది మనిషి నుంచి మనిషికి పాకుతోందన్న అనుమానం బలపడింది.

ఏప్రిల్ 23న న్యూయార్కు నగరంలోని సెయింట్ ఫ్రాన్సిస్ ప్రిపరేటరీ హైస్కూల్లో నర్సు మేరీ పాపస్ గదికి పిల్లలు జ్వరంతో వరుస కట్టారు. ఆమె వెంటనే నగర ఆరోగ్యశాఖకు ఫోను చేశారు. ఆమె చేతిలో పరీక్షల రిపోర్టు లేదు. థర్మామీటరు, పిల్లల లెక్క, అనుభవం మాత్రమే ఉన్నాయి. ఆ నగరంలో జబ్బు జాడ అలా దొరికింది.

మే నెలలో మన దేశపు మొదటి కేసు హైదరాబాదులో బయటపడింది. జూన్ 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని మహమ్మారిగా ప్రకటించింది. వైరస్‌ను గుర్తించి అప్పటికి రెండు నెలలైనా కాలేదు. ఇలాంటి జబ్బులో ఒక్కొక్క రోజూ విలువైనదే.

"నిర్ధారణ కాకుండా చెబితే జనం భయపడతారు, ఆసుపత్రికి చెడ్డపేరు వస్తుంది" అని కొందరంటారు. జనంలో పుకారు పుట్టించకూడదు, నిజమే. కానీ ఆరోగ్యశాఖకు తెలియజేయడం పుకారు కాదు, మన బాధ్యత.

నా అభిప్రాయం ఇది. ప్రతి ఆసుపత్రిలో ఓపీ రిజిస్టరు నుంచి జ్వరం, దగ్గు కేసులను ఏ రోజుకారోజు విడిగా లెక్కించాలి. ఒకే హాస్టలు నుంచి, ఒకే వీధి నుంచి ఎక్కువమంది వచ్చినా, వైద్య సిబ్బందే వరసగా మంచం పట్టినా ఆ రోజే జిల్లా సర్వైలెన్స్ యూనిట్‌కు చెప్పాలి. ఆ ఫోను చేసే అధికారం డ్యూటీ సిస్టరుకు రాతపూర్వకంగా ఇవ్వాలి. పదిసార్లు మామూలు జలుబే అని తేలినా ఆమెను తప్పుపట్టకూడదు. మాట పడాల్సి వస్తుందని పదకొండోసారి ఆమె ఊరుకుంటే నష్టపోయేది ఊరంతా.

పాఠకులకు ఒక మనవి. "ఇంట్లో ఇంకెవరికైనా జ్వరముందా? ఈమధ్య ఏ ఊరు వెళ్లొచ్చారు?" అని సిస్టరు అడిగితే విసుక్కోకండి. మీరిచ్చే జవాబు మీ పక్కింటివారిని కూడా కాపాడవచ్చు.