పెట్టకి నట్టల మందు: వెయ్యాలా, ఆగాలా?

కోళ్లకి నట్టల మందు వెయ్యాలా అన్న మాట ఎత్తితే చాలు, మా వీధిలో రెండు జట్లు తయారవుతాయి. ఒకటి మా అత్తయ్యగారిది. "మా అమ్మ ఇంటినిండా కోళ్లు పెంచింది, ఒక్కదానికీ మందు మూత తియ్యలేదు" అంటారావిడ. రెండోది ఎదురింటి వదినది. ఫోన్లో వీడియోలు చూసి, పౌర్ణమికి ఉపవాసం ఉన్నంత నిష్ఠగా నెలనెలా వేసేస్తుంది. పెద్దవాళ్లతో వాదన ఎందుకని చాలా రోజులు ఊరుకున్నాను గానీ, నాకు మాత్రం ఇద్దరి పద్ధతీ నచ్చలేదు.

అత్తయ్యగారి మాట తీసిపారేసేది కాదు. వాళ్లమ్మగారి కోళ్లు పొద్దున గంప ఎత్తగానే ఊరంతా తిరిగేవి. గడ్డివాముల దగ్గర, చెరువుగట్టున, నలుగురి పెరళ్లలో గీరుకుని చీకటి పడే వేళకి వచ్చేవి. వాటి రెట్ట ఊరంతా పడేది. మా ఇంట్లో పదకొండు కోళ్లు, చుట్టూ ప్రహరీ, మూడు సెంట్ల పెరడు. అక్కడే రెట్ట వేస్తాయి, అక్కడే గీరతాయి, నేను చల్లిన నూకలు అక్కడే ఏరుకుంటాయి. ఏలికపాము పెట్టే గుడ్డు రెట్టలో బయటికొచ్చి, తడి మట్టిలో రెండు మూడు వారాలుంటే చాలు, ఇంకో కోడికి అంటుకునేలా తయారవుతుంది. దాని పెంకు గట్టిది, తడి, నీడ ఉంటే నెలల తరబడి అలాగే ఉంటుంది. వాళ్లమ్మగారి కోడికి మందు అక్కర్లేకపోయిందంటే ఆ కోడి గొప్పా కాదు, ఆవిడ చెయ్యీ కాదు, స్థలం ఎక్కువ. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ రోజుల్లో పదిహేను పిల్లలు పొదిగితే ఆరు మిగిలేవని ఆవిడే చెబుతారు. పోయినవన్నీ గద్ద ఖాతాలోనో, తెగులు ఖాతాలోనో పడేవి. కోసి చూసినవాళ్లు ఎవరు?

ఇక నెలనెలా వేసే పద్ధతి. కోడి మింగిన గుడ్డు కడుపులో పామై, అది మళ్లీ గుడ్లు పెట్టడానికి నెలా పదిహేను రోజులు అటూ ఇటూగా పడుతుంది. అలాంటప్పుడు ఏ నట్టలు ఉన్నాయో, అసలు ఉన్నాయో లేదో చూడకుండా అదే మందు అలా వేస్తూ పోతే మిగిలేవి మందుకి లొంగనివే. గొర్రెల్లో ఈ తంటా ఎప్పుడో వచ్చింది. వదిన వేసేది పైపరజిన్. అది ఏలికపాముల మీదే పనిచేస్తుంది, అదీ ఎదిగినవాటి మీద. బద్దె పురుగుల్ని అది కదపదు. రెట్టలో తెల్లగా అన్నం మెతుకుల్లాంటి ముక్కలు కనిపిస్తే అవి బద్దె పురుగు ముక్కలు. చీమలు, పేడ పురుగులు, ఈగలు తిన్నప్పుడు అవి కోడికి అంటుతాయి. వదిన కోళ్లు పగలంతా పేడకుప్ప మీదే ఉంటాయి మరి.

ఇంకొంతమంది మనుషుల బిళ్ళ విరిచి పెట్టేస్తారు. ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న అంగన్‌వాడీల్లో, బళ్లలో పిల్లలకి ఇచ్చే అల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల బిళ్ళ తెలుసుగా, అదే. దాన్ని మనిషికి లెక్కగట్టి చేశారు. కిలోన్నర పెట్టకి పావు ముక్క పెట్టినా అది ఎక్కువే. "కొంచెమేగా" అనుకుంటాం గానీ, కోడి బరువు చూసుకుంటే కొంచెం కాదు.

నాకు ఇదంతా ఇంత పట్టింపు ఎందుకంటే, మా అమ్మాయి ఏడో నెల గర్భంతో పుట్టింటికొచ్చింది. రోజూ పొద్దున దానికి మన పెరటి గుడ్డే. వదిన తన సీసా తెచ్చి "అన్నిటికీ ఒక మూత పోసెయ్యి, బలంగా పెడతాయి" అంటే నేను తీసుకోలేదు. మందు వేసిన పెట్ట గుడ్డులోకి ఆ మందు కొంత దిగుతుంది. ఎన్నాళ్లు దిగుతుందనేది ఏ మందు అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆ రోజులు గడిచేదాకా ఆ గుడ్లు ఇంట్లో తినకూడదు, అమ్మకూడదు. దిగేది రవ్వంతే కావచ్చు. అయినా కడుపుతో ఉన్న పిల్ల నోట్లోకి వెళ్లేదానికి నేను రవ్వంత లెక్క వెయ్యను. అల్బెండజోల్ లాంటివి గర్భిణికి తొలి నెలల్లో ఇవ్వరని తెలిసి కూడా, ఆ గుడ్డు సంగతి అడక్కుండా ఉంటామా? మందుల షాపులో అడిగితే ఆ అబ్బాయి "ఏం కాదమ్మా, అందరూ వేస్తున్నారు" అన్నాడు. నేను అడిగింది అందరి సంగతి కాదు కదా.

అందుకని రెట్ట పట్టుకుని పశువుల ఆసుపత్రికి వెళ్లాను. మా వారు నవ్వారు, నవ్వనీండి. తెల్లవారగానే గూట్లో పడిన తాజా రెట్ట, పిల్లలది ఒక పొట్లం, పెట్టలది ఒక పొట్లం, పేరు రాసి రెండు చిన్న డబ్బాల్లో పెట్టాను. ఎండ ఎక్కకముందే ఇవ్వాలి. అక్కడ చేసేది చూస్తే మన వంటింటి పనిలాగే ఉంది. రెట్టని చిక్కటి ఉప్పునీళ్లలో కలిపి వడగట్టి కాసేపు వదిలేస్తారు, నట్టల గుడ్లు తేలిగ్గా ఉంటాయి గనక పైకి తేలతాయి. తేలినదాన్ని గాజుపలక మీదికి తీసి మైక్రోస్కోపులో చూస్తారు. మా ఊళ్లో డబ్బులేమీ తీసుకోలేదు.

చూస్తే, మూడు నెలల లోపు పిల్లల రెట్టలో ఏలికపాము గుడ్లు బోలెడు. పెట్టల దాంట్లో అక్కడొకటి, ఇక్కడొకటి. ఎదిగిన కోడికి కొంత తట్టుకునే శక్తి వస్తుందట, దెబ్బ తినేది లేత పిల్లలే. డాక్టరుగారు పిల్లల్ని, ఒక్క పెట్టని తూచి వాటికే మందు రాశారు. మూడు వారాలకి మళ్లీ ఒక మోతాదు వెయ్యమన్నారు, అప్పటికి లోపల ఎదిగేవి మిగిలి ఉంటాయి గనక. ఆ ఒక్క పెట్ట ఏదంటే, ఎద ఎముక చేతికి కత్తిలా తగులుతున్నది. తురాయి పాలిపోయింది, తిండి బాగా తింటున్నా బరువు పెరగట్లేదు, గుడ్లు మానేసి నెలైంది. మిగిలిన ఐదు పెట్టల్నీ "పెడుతున్నాయి కదా, ఇప్పుడు అక్కర్లేదు" అన్నారు. మా అమ్మాయి గుడ్డు ఆగలేదు. వదినలాగా అన్నిటికీ పోసి ఉంటే, మందు రోజులు పదనుకున్నా రోజుకి మూడు నాలుగు చొప్పున ముప్ఫై పైన గుడ్లు పారబొయ్యాలి. మా ఊళ్లో నాటు గుడ్డు 15 రూపాయలు. అది ఇంట్లో ఆడదాని చేతి డబ్బు, ఎవర్నీ అడక్కుండా ఖర్చుపెట్టుకునేది అదొక్కటే చాలామందికి.

అలాగని అన్నిసార్లూ పరీక్ష దాకా ఆగమనను. కొత్తగా సంతలోంచి కోడిని తెస్తే పది రోజులు విడిగా కట్టి, డాక్టరుని అడిగి మందు వేశాకే మిగతావాటితో కలుపుతాను. కొక్కెర తెగులు టీకా వేయించే ముందు కూడా నట్టల సంగతి చూసుకోమంటారు, కోడి నీరసంగా ఉంటే టీకా సరిగ్గా పట్టదు. పిల్లల రెట్టలో నెత్తురు కనిపిస్తే మాత్రం నట్టల మందు సీసా తియ్యొద్దు. అది చాలాసార్లు రక్తపారుడు జబ్బు, దాని మందు వేరు, ఆలస్యమైతే పిల్లలు మిగలవు.

వేపాకు, వెల్లుల్లి, గుమ్మడి గింజల సంగతి అడుగుతారు. పెట్టండి, చెడేమీ లేదు, నేనూ వెల్లుల్లి పొట్టు వేస్తాను. కానీ కడుపునిండా పాములున్న పిల్లకి వెల్లుల్లి వేసి వారం రోజులు ఎదురు చూడను. దానికంటే మా ఇంట్లో పనిచేసింది చోటు మార్చడం. నూకలు నేలమీద చల్లడం మానేసి రేకు పళ్లెంలో పెడుతున్నాను. నీళ్ల గిన్నె చుట్టూ ఎప్పుడూ తడి ఉండేది, దాన్ని ఇటుకల మీదికి ఎత్తాను. గూట్లో రెట్ట రోజూ ఊడ్చి, కిందకి బూడిద చల్లి, వారానికోసారి గంపలు ఎర్రటి ఎండలో బోర్లిస్తాను. పిల్లల్ని పెట్టలతో కలిపి గీరనివ్వడం లేదు, జామచెట్టు వైపు వల కట్టాను. మునగాకు రెమ్మలు వేలాడదీస్తే రెండు జట్లూ పోటీపడి పీకుతాయి.

ఇంకో మాట. సంక్రాంతి పందెం పుంజుకి బాదం పప్పు, కీమా, ఒంటికి మాలిష్, దగ్గితే డాక్టరు. గొర్రెలకీ మేకలకీ ఊళ్లోకే వచ్చి నట్టల మందు తాగిస్తారు. ఏడాది పొడుగునా గుడ్లు పెట్టి ఇల్లు గడిపే పెట్ట దగ్గరికి మాత్రం ఎవరూ రారు. మా ఇంట్లో దాని ఎద ఎముక తడిమి చూసేది నేనొక్కదాన్నే. అలాంటప్పుడు మందు వెయ్యాలో వద్దో మా వారో, షాపు అబ్బాయో, వీడియో వాళ్లో తేల్చడమేమిటి?

ఈసారి వానలు తగ్గాక మళ్లీ రెండు డబ్బాలు పట్టుకెళ్తాను. ఎదురింటి వదిన తన కోళ్లదీ ఒక పొట్లం ఇస్తానంది. అత్తయ్యగారు ఇంకా ఒప్పుకోలేదు గానీ, నిన్న ఆ బక్క పెట్టని ఒళ్లో పెట్టుకుని ఎద తడిమి చూస్తుండగా నా కంట పడ్డారు.