కృత్రిమ మేధయు, సంఘపు సంతకమును



ముందుగా నా తప్పును చెప్పుకొని, పిమ్మట సంగతిలోనికి వచ్చెదను. గడచిన సార్వాలో మన వరి చేలకు సుడిదోమ తగిలినప్పుడు సభ్యులకు పంచుటకై యొక కరపత్రము వ్రాసి యిమ్మని సంఘమువారు నన్నడిగిరి. నాకు తీరిక చాలలేదు. చేతిఫోనులో నున్న కృత్రిమ మేధకు విషయము చెప్పి, పత్రము వ్రాయుమంటిని. నిమిషము గడువకమునుపే చక్కని తెనుగున వ్రాసి యిచ్చినది. చేలో నీరు తీసి ఆరగట్టుట, రెండు మీటర్లకొకటి చొప్పున 20 సెంటీమీటర్ల కాలిబాటలు తీయుట, యూరియా తగ్గించుట, అన్నియు సరిగానే యున్నవి. పైమెట్రోజిన్ మందు మాత్రము ఎకరమునకు 300 గ్రాములని యున్నది. ఆ 300 గ్రాములు హెక్టారు లెక్క. హెక్టారనగా సుమారు రెండున్నర ఎకరములు గావున, ఎకరమునకు 120 గ్రాములే చల్లవలెను. నేను పత్రమును ఆసాంతము చదివితిని గాని, ఆ తప్పు నా కంట బడలేదు. అచ్చునకు పంపుటకు ముందు, కార్యాలయపు బల్లమీద కూర్చున్న యొక పెద్ద రైతునకు చదివి వినిపించితిని. ఆయన, "అదేటండీ, నిరుడు తమరే నూటిరవై గ్రాములని చెప్పేరు గదా! ఈ యేడు మందులో పస తగ్గిపోయిందాండీ?" అని యడిగిరి. నా ముఖమున నెత్తురు చుక్క లేకపోయినది. ఆనాడు ఆయన అక్కడ లేకున్న యెడల మన సభ్యులు కావలసినదానికి రెండున్నర రెట్లు మందు కొని, చేలపై చల్లియుందురు.

ఇందులో యంత్రము తప్పెంత, నా తప్పెంత యని తరువాత చాల దినములు ఆలోచించితిని. ఈ యంత్రము పుస్తకము కాదు, శాస్త్రజ్ఞుడును కాదు. లోకములోని వ్రాతలను కోట్లకొలది చదివి, ఏ మాట వెనుక ఏ మాట వచ్చుట సహజమో లెక్కగట్టి పేర్చును. ఎరిగిన సంగతిని ఎంత ధైర్యముగా చెప్పునో, ఎరుగని దానిని గూడ అంత ధైర్యముగానే చెప్పును. పూర్వము ఊరూరు తిరిగి నకిలీ మందులమ్మువారి కాగితములు భాష చూడగానే బయటపడెడివి. ఈ యంత్రపు భాషయో, నా భాషకన్న సొంపుగా నుండును. అందువలననే నేను మోసపోయితిని.

మన సీమ లెక్కలు దానికి మరింత చిక్కు. మనకు ధాన్యపు బస్తా యనగా 75 కిలోలు. యూరియా బస్తా 2018 నుండి 45 కిలోలే. బస్తా లెక్కన అడిగినవానికి అది ఏ బస్తాను తలచుకొని జవాబు చెప్పునో యెవరెరుగుదురు? మారుటేరు పరిశోధనాలయమునుండి వచ్చిన స్వర్ణ, అనగా ఎం.టి.యు. 7029, సుమారు 150 దినముల పంట. అచ్చటినుండియే వచ్చిన ఎం.టి.యు. 1010, మనము కాటన్ దొర సన్నాలనునది, సుమారు 120 దినములు. ఒకదాని కాలమును రెండవదానికి అంటగట్టి చెప్పినచో, దాళ్వాలో నమ్మి చల్లినవాని చేను పాలుపోసుకొను వేళకు కాలువలు కట్టివేయుదురు. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో ముగిసిననాటినుండి మన బ్రతుకు కాలువ వదలు దినమునకు, కట్టు దినమునకు నడుమనే గదా నడచుచున్నది.

కావున ఈ యంత్రమును గుమ్మము త్రొక్కనీయరాదని పాలకవర్గములో కొందరందురు. వారి మాటకు ఆధారము లేకపోలేదు. 2023లో శామ్‌సంగ్ కంపెనీ యింజనీర్లు కొందరు తమ కంపెనీ రహస్యపు వ్రాతలను చాట్ జీపీటీలో పెట్టినట్లు బయటపడగా, కంపెనీవారు అట్టి యంత్రముల వాడుకను నిషేధించిరి. 2025 జనవరిలో కేంద్ర ఆర్థిక మంత్రిత్వశాఖవారును కార్యాలయపు కంప్యూటర్లలో చాట్ జీపీటీ, డీప్‌సీక్ వంటివానిని వాడవలదని తమ యుద్యోగులకు తెలిపిరి. అయినను మన గుమాస్తా చేతిలో సొంత ఫోను గలదు. బల్ల దగ్గర వలదన్నచో అరుగుమీద కూర్చుండి వాడును, వాడితినని మాత్రము చెప్పడు. చాటున జరుగు పనిని సరిచూచువాడెవ్వడు? మరియు యంత్రము వలన మేలు లేకపోలేదు. పొరుగున ఖమ్మం జిల్లాలో "సాగు బాగు" పేర జరిగిన ప్రయత్నమున సుమారు 7,000 మంది మిరప రైతులకు ఫోను ద్వారా తెలుగులో సేద్యపు సలహాలందినవి. ఇంగ్లీషులో వచ్చు సర్కారు ఉత్తరువును పామరునకు తెలియునట్లు తెనుగు చేయుటలో ఈ యంత్రము నాకు గంటల పని తగ్గించుచున్నది. దీనిని వదలుకొమ్మని నేను చెప్పజాలను.

నిషేధము వలదు, నిబంధన కావలెనన్నది నా మాట. ఇట్టి నిబంధన మనమే క్రొత్తగా కనిపెట్టవలసిన పని లేదు. 2023లో న్యూయార్కు నగరమున ఇద్దరు వకీళ్లు చాట్ జీపీటీ కల్పించిన లేని తీర్పులను ఉన్నవిగా న్యాయస్థానమున దాఖలు చేయగా, 5,000 డాలర్ల జుల్మానా విధింపబడినది. యంత్రము చెప్పినదన్న మాట వారిని కాపాడలేదు. 2025 జూలైలో కేరళ ఉన్నత న్యాయస్థానము జిల్లా న్యాయస్థానములకొక నియమావళి నిచ్చినది. యంత్రముచే తీర్పు చెప్పింపరాదు, అది యిచ్చినదానిని మనిషి సరిచూడవలెను, వాడినప్పుడెల్ల దేనిని వాడిరో, ఎట్లు సరిచూచిరో వ్రాసియుంచవలెను అని అందలి సారము. జడ్జీలకు తగిన కట్టుబాటు మనకెక్కువ యగునా?

మన సంఘమున నాకు ఎక్కువ భయము కలిగించునది మందుల లెక్క కాదు, సభ్యుల ఖాతాలు. పూర్వము ఆవర్జా పుస్తకము బీరువాలో నుండెడిది. ఒకరి బాకీ మరియొకరికి తెలియవలెనన్న తాళము తీయవలెను. 2022 జూన్‌లో కేంద్ర మంత్రివర్గము 63,000 ప్రాథమిక సంఘముల లెక్కలను కంప్యూటరులోనికి మార్చుటకై 2,516 కోట్ల రూపాయల పథకమును అంగీకరించినది. అది మంచిదే. కాని, వాయిదా మీరినవారికి నోటీసులు వ్రాయించుటకై గుమాస్తా ఆ పట్టికనంతటిని పరాయి కంపెనీ యంత్రములో పడవేసెనా, మన పేర్లు, ఆధారు సంఖ్యలు, సర్వే నంబర్లు, కుదువబెట్టిన బంగారపు తూకములు ఒక్క క్షణములో ఊరు దాటిపోవును. దురుద్దేశముతో కాదు, ప్రొద్దుగూకకమునుపు పని ముగించుకొని యింటికి పోవుటకే యాతడట్లు చేయును. గోదావరి సీమలో బాకీ యనునది పరువుతో ముడిపడిన మాట. 2023లో వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమునకు 2025 నవంబరులో నియమములు గూడ వెలువడినవి. చట్టము సంగతి యటుండనిండు. మన తాతలు సంఘమును నమ్మి చెప్పుకొన్న బాకీలను మనము పరాయివాని యెదుట విప్పి పెట్టరాదు. ఏ సభ్యుని పేరును, ఖాతాను, పాసుపుస్తకపు నకలును యంత్రమునకు చూపరాదని మొదటనే వ్రాసికొనవలెను. నోటీసు నమూనా కావలసిన యెడల పేరు లేని నమూనాను వ్రాయించుకొని, పేరులను చేతితో పూరించుకొనవచ్చును.

అప్పు మంజూరులోనికి గూడ యంత్రమును రానీయరాదు. మన డెల్టాలో దున్నువారిలో కౌలుదార్లే మిక్కిలి. 2019 నాటి సాగుదారుల హక్కుల చట్టము క్రింద వారికి 11 నెలల కార్డు దొరకవలెనన్న భూమి యజమాని సంతకము కావలెను. చాలమందికి ఆ సంతకము దొరకదు. పైరు ఉన్నది, మనిషి ఉన్నాడు, కాగితము లేదు. కాగితములనే చూచు యంత్రమునకు అట్టివాడు లేనివాడే. ఇరువది యేండ్లుగా వాయిదా తప్పని కౌలుదారు ఎవ్వరో మన పంచాయతుదారులెరుగుదురు. ఆ యెరుకయే గదా సహకార సంఘమునకు ప్రాణము! దానినమ్ముకొని యంత్రపు మార్కులు కొనుక్కొనుట నాకిష్టము లేదు.

ఇక కరపత్రముల మాట. సంఘము పేర వెలువడు ప్రతి కాగితము క్రింద, యంత్రముచే వ్రాయించినచో ఆ సంగతియు, సరిచూచినవాని పేరును ఉండవలెను. మందు మోతాదు, విత్తనపు కాలము, ధర, గడువు తేదీ అను నాలుగింటిని మారుటేరువారి ప్రకటనలతోనో, రైతు సేవా కేంద్రమువారితోనో పోల్చి చూచిన పిమ్మటనే సంతకము చేయవలెను. నేను చదువుకొన్న మిషను పాఠశాలలో ప్రక్కవాని పలక చూచి లెక్క చేసినవానిని మాస్టరుగారు కొట్టెడివారు కారు. "ఎవరిది చూచితివో వాని పేరు క్రింద వ్రాయుము" అనెడివారు. ఆ పేరు వ్రాయుటకు సిగ్గుపడి మేమే లెక్క చేసికొనెడివారము. కొందరు మాత్రము సిగ్గుపడక వ్రాసెడివారు, వారికి లెక్కలు రానే లేదు. కార్యాలయమున ఒక చిట్టా పుస్తకము పెట్టి, యంత్రమును వాడిన దినము, పని, సరిచూచినవారి పేరు వ్రాసియుంచిన చాలును. రెండు పంక్తుల పని.

ఒక్క చిక్కు మాత్రము నాకు విడలేదు. సరిచూచి సంతకము చేసిన పిమ్మట గూడ తప్పు దొరలి, రైతు నష్టపడినయెడల ఎవరు భరింపవలెను? సంతకము చేసినవానిపై మోపుదుమన్నచో ఎవ్వడును కలము పట్టడు. ఎవ్వరిపైనను మోపకున్నచో ఆ సంతకము ముచ్చటకే యగును. బుద్ధిపూర్వకముగా సరిచూడక సంతకము చేసినవాడు తానే భరింపవలెననియు, సరిచూచినను తప్పిపోయినచో సంఘపు లాభములనుండి ఈయవలెననియు నా యభిప్రాయము. కార్యదర్శిగారు దీనికి ఒప్పుకొనలేదు. లాభములు సభ్యులందరివి గావున, ఒకరి యజాగ్రత్తకు అందరును చెల్లించుట న్యాయము కాదని వారి వాదము. ఇది రాబోవు సర్వసభ్య సమావేశమున తేలవలసిన సంగతి. సభ్యులు తప్పక వచ్చి మాటాడవలెననియు, రాలేనివారు తమ యభిప్రాయమును వ్రాసి పంపవలెననియు కోరుచున్నాను.

సుడిదోమ కరపత్రము 120 గ్రాములతో సరిచేయబడి, కార్యాలయపు గోడకంటింపబడినది. దానిక్రింద నా పేరును, ఆనాడు నన్నడిగిన పెద్ద రైతు పేరును గలవు.