పదో తరగతిలో 2047కి ఒక పీరియడ్

2024 అక్టోబరులో ఎన్విడియా మాజీ ఉద్యోగి ల్యూక్ డ్యూరాంట్ బయటపెట్టిన ప్రధాన సంఖ్య అప్పటికి తెలిసినవాటిలోకెల్లా పెద్దది. 2 ఘాతాంకం 13,62,79,841 వేసి 1 తీసేస్తే అది వస్తుంది. పూర్తిగా రాస్తే 4,10,24,320 అంకెలు. ఆ వేటకు పలు దేశాల డేటా సెంటర్లలోని గ్రాఫిక్స్ ప్రాసెసర్లు పనిచేశాయి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు బడుల్లో అంత సరంజామా లేదు, అక్కర్లేదు కూడా. ఆ సంఖ్యను చివరకు ఖాయం చేసిన లూకాస్-లెమర్ పరీక్షను చిన్న సంఖ్యల మీద నోటుపుస్తకంలోనే చేయొచ్చు. పదో తరగతి ‘వాస్తవ సంఖ్యలు’ పాఠం పక్కన దానికి చోటివ్వాలి.

2 పదకొండో ఘాతంలోంచి 1 తీస్తే 2047. 4తో మొదలుపెట్టి, వర్గం చేసి, 2 తీసేసి, 2047తో భాగించి శేషం ఉంచుకోవాలి. ఆ శేషంతో మళ్లీ అదే పని. 11 కంటే రెండు తక్కువ, అంటే 9 సార్లు. శేషాలు వరసగా 14, 194, 788, 701, 119, 1877, 240, 282, 1736. చివరిది సున్నా కాలేదు కాబట్టి 2047 ప్రధాన సంఖ్య కాదు. అదే 31కి చేస్తే 14, 8, 0 వచ్చి నెగ్గుతుంది. అసలు విశేషం ఇక్కడుంది: 2047 సంయుక్త సంఖ్య అని తేలింది గానీ, దాని కారణాంకాలు 23, 89 అని పరీక్ష ఎక్కడా చెప్పలేదు. ఏ సంఖ్య అయినా ప్రధానమో కాదో అంకెలు పెరిగినా అదుపు తప్పని కాలంలో తేల్చవచ్చని 2002లో కాన్పూర్ ఐఐటీకి చెందిన మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా నిరూపించారు. కారణాంకాలు విడదీయడానికి మాత్రం మామూలు కంప్యూటర్లకు అలాంటి దారి నేటికీ దొరకలేదు. ఆర్‌ఎస్‌ఏ రహస్య లిపి బతుకంతా ఈ తేడా మీదే.

నాలుగు కోట్ల అంకెల సంఖ్యతో ఎవరికేం లాభమని అడగొచ్చు. రహస్యాలు దాచడానికి అది పనికిరాదు, అందరికీ తెలిసిపోయింది కదా. ఆర్‌ఎస్‌ఏకి మూడు వందల అంకెల చిల్లర ప్రధానాలు చాలు. ఇంకో అభ్యంతరం గట్టిది: పరీక్ష ఎందుకు పనిచేస్తుందన్న నిరూపణ పదో తరగతికి అందదు, అప్పుడిది మరో బట్టీ పద్ధతే కదా? నిరూపణ అందదన్నది నిజమే. కానీ 23తో భాగించి చూసి పరీక్ష చెప్పింది సరేనని పిల్లలే తేల్చుకోగలరు. ఘాతాంకం సంయుక్తమైతే ఫలితమూ సంయుక్తమేనన్న సగం ముక్కను తమకు తెలిసిన బీజగణితంతోనే నిరూపించగలరు: 2 పదిహేనో ఘాతంలోంచి 1 తీస్తే వచ్చే 32767ని 7, 31 రెండూ నిశ్శేషంగా భాగిస్తాయి. వలసల పాలమూరు పిల్లలకు ముందు కూడికలు, భాగహారాలు రానివ్వండి అనేవాళ్లు 788 వర్గాన్ని 2047తో ఒకసారి భాగించి చూడాలి, ఇందులో ఉన్నదంతా ఆ భాగహారమే. మార్కులు రావన్న మాట నిజం. అయినా ఒక్క పీరియడే కదా. 2016లో ఏర్పడిన ఈ మూడు జిల్లాల విద్యాశాఖలు వచ్చే ఏడాది పాఠ ప్రణాళికలోనే ఆ పీరియడ్‌ను చేర్చాలి.