మూఁడు మీటర్ల దూరము

జనగాము, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల మా విద్యార్థులు "2035 నాటికి మనుష్యులు వసించు భారతీయ అంతరిక్ష స్టేషను పూర్తియగును" అని కంఠస్థము చేసి యప్పగించుచున్నారు. ఈ చదువు మాకు రుచింపదు. మనవారు మన నౌకలోనే 2022 నాటికి మింటికిఁ బోవుదురని 2018లోఁ జెప్పిరి, అట్లు జరుగలేదు. హైదరాబాదునఁ జదువుకొన్న రాకేశ్ శర్మగారు 1984లో సోవియట్‌వారి సల్యూట్ 7 స్టేషనున సుమారు వారము దినములు వసించిరి గాని, అది పరుల గృహము. సొంతది కోరుట న్యాయమే.

ఆ గృహము నొక్కమాఱుగాఁ బంపరాదు; ఐదు భాగములను వేర్వేఱుగాఁ బంపి యాకాశముననే కలుపవలెను. ఆ విద్య నేర్చుటకై 2024 డిసెంబరు 30న శ్రీహరికోట నుండి రెండు చిన్న యుపగ్రహములను, ఒక్కొక్కటి సుమారు 220 కిలోలది, పంపిరి. జనవరి 7న కలుపుదుమనిరి, 9న కలుపుదుమనిరి. రెండుమాఱులును వాయిదా వేసిరి. 12న మూఁడు మీటర్ల దగ్గఱకుఁ దెచ్చియు, దేశమంతయుఁ జూచుచుండఁగా, వెనుకకుఁ దీసికొనిరి. లెక్కలు మరలఁ జూచుకొని 16న కలిపిరి.

మూఁడు మీటర్ల నుండి యేల మరలిరని మేము పరీక్షలో నడిగితిమి. సరిగా వ్రాసినవా రిద్దఱే. పాఠ్యపుస్తకమున లేని ప్రశ్న యని తలిదండ్రులు కొందఱు మాపైఁ గినిసిరి. వచ్చు సంవత్సరమును దానినే యిత్తుము.