మొక్కు లేని కొండ

మన భాషలో కొండెక్కేవి రెండే రెండు. ఒకటి ధరలు, రెండోది దీపం. ధరలు కొండెక్కితే ఇల్లాలు కూర్చుని లెక్కలు వేసుకుంటుంది. దీపం కొండెక్కితే గబగబా మళ్ళీ వెలిగిస్తుంది. ఆ ఇల్లాలే స్వయంగా కొండెక్కుతానంటే మాత్రం ఏం చెయ్యాలో ఎవరికీ పాలుపోదు. మొన్న డిసెంబరులో మా ఇంట్లో సరిగ్గా అదే జరిగింది.

నాకు నలభై అయిదు నిండాయి. పుట్టినరోజుకి ఏం కావాలని మా వారు అడిగారు. ఇరవై నాలుగేళ్ళ కాపురంలో ఈ ప్రశ్న ఎన్నిసార్లు వచ్చిందో వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పగలను కనక, వచ్చిన అవకాశాన్ని చీరతో సరిపెట్టుకోదల్చుకోలేదు.

"టైడా దగ్గర కొండ ఎక్కుదామండీ. మనిద్దరమే" అన్నాను.

"ఏ గుడి ఉంది అక్కడ?"

"గుడి లేదు."

"మరి?"

ఆ 'మరి?' దగ్గరే నా తగువంతా.

సాయంత్రానికి సంగతి ఇల్లంతా పాకింది. "మోకాళ్ళు అరిగిపోతాయే అమ్మాయ్" అన్నారు అత్తగారు. "ఈ వయసులో ఎందుకొచ్చిన సాహసం వదినా" అంది ఆడపడుచు ఫోనులో. పక్కింటి పిన్నిగారు పాముల సంగతి ఎత్తారు. అందరికంటే నన్ను ఆశ్చర్యపరిచింది నా సొంత చెల్లెలు. "బంగారం ధర కొండెక్కి కూర్చుందని నువ్వే ఏడుస్తున్నావు కదే అక్కా! ఆ ఖర్చు దాచుకుంటే రేపు చిన్నమెత్తు ముక్కయినా కొనుక్కోవచ్చుగా" అంది. మా అబ్బాయి మాత్రం, పైకి కారు వెడుతుందా అని అడిగి, వెళ్ళదన్నాక జాలిగా చూసి ఊరుకున్నాడు.

ఇక నా వాదన వినండి. వీళ్ళంతా మంచివాళ్ళే. ఇదే అబ్బాయికి ఇంజనీరింగు సీటు రావాలని అయిదేళ్ళ కిందట నేను అలిపిరి నించి తిరుమల కొండ ఎక్కాను. ఉత్త చేతులతో కాదు, మెట్టు మెట్టుకీ వంగి పసుపు రాసి కుంకం పెడుతూ. 3,550 మెట్లు. అంటే 3,550 సార్లు వంగడం, 3,550 సార్లు లేవడం. దారిలో మోకాళ్ళ పర్వతం అనే చోటొకటుంది, హెచ్చరిక పేరులోనే ఉంది. అయినా ఆ రోజు మా ఇంట్లో ఒక్కరికీ నా మోకాళ్ళు జ్ఞాపకం రాలేదు. పైగా అత్తగారు పదిమందికీ చెప్పుకుని మురిసిపోయారు. ఆషాఢంలో సింహాచలం గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లు చెప్పుల్లేకుండా నడిచి వస్తే పిన్నిగారే వేణ్ణీళ్ళు కాచి ఇచ్చారు. కొండచుట్టూ తుప్పలున్న ఆ దారిలో పాములుండవు కాబోలు!

మా వారు మాల వేసుకుని మూడుసార్లు శబరిమల వెళ్ళొచ్చారు. ఆయన మోకాళ్ళ మీద ఇంట్లో ఎప్పుడూ సభ జరగలేదు, అది వేరే సంగతి.

అంచేత నాకు తేలిందేమిటంటే, ఆడదాని మోకాళ్ళు మొక్కున్నప్పుడు ఇనపవి, సరదా అన్నప్పుడు పింగాణీవి.

దేవుడితో నాకేం పేచీ లేదు. రేపు పిలిచినా వెడతాను. నా పేచీ మనతోనే. మనం ఎక్కిన కొండలు ఒక్కసారి తల్చుకుని చూడండి. ఆయన ఉద్యోగం పర్మనెంటు కావాలని ఒకటి, అబ్బాయి సీటుకి ఒకటి, అమ్మాయి పెళ్ళికి ఒకటి, మామగారి ఆపరేషన్ బాగా జరిగినందుకు ఒకటి. ఎక్కిన కాళ్ళు మనవి, కోరిక మరొకరిది. కొండ ఎక్కాలన్న కోరికతోనే కొండ ఎక్కిన ఇల్లాలు మీకు తెలిసినవాళ్ళలో ఉంటే చెప్పండి, వెళ్ళి చూసొస్తాను. మగవాడు ఊరికే తిరిగొస్తే గాలికి వెళ్ళాడంటాం, ఆడది ఊరికే తిరిగొస్తే బుద్ధి గాలికి పోయిందంటాం. మనకి 'ఊరికే' అన్న మాట నిషేధం.

మనం గొప్పవాళ్ళని మెచ్చుకోమని కాదు. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి దాని వయసు పదమూడేళ్ళ పదకొండు నెలలు. టీవీలో చూసి మా అత్తగారు "బంగారు తల్లి" అని మెటికలు విరిచారు. భువనగిరి బండల మీద తర్ఫీదు పొందిన గురుకులం పిల్ల ప్రపంచంలోకెల్లా ఎత్తయిన చోట నిలబడితే మనందరికీ కళ్ళనీళ్ళు తిరిగాయి. అయితే ఆ ధైర్యం టీవీలోనే ఉండాలి, వంటింట్లోకి రాకూడదు. జపాన్‌లో జుంకో తాబేయ్ 1975లో ఎవరెస్టు ఎక్కిన తొలి మహిళ అయ్యే ముందు ఆవిడకి దక్కిన సలహా కూడా ఇదే, ఇంట్లో కూచుని పిల్లని పెంచుకోమని! ఆవిడకప్పుడు ముప్ఫై అయిదేళ్ళు, ఇంట్లో పసిపిల్ల. వయసు సంగతంటారా, జంషెడ్‌పూర్‌లో ఇద్దరు కూతుళ్ళ తల్లి ప్రేమలతా అగర్వాల్ 2011లో ఎవరెస్టు ఎక్కేనాటికి నలభై ఎనిమిదేళ్ళది. నేనేమీ ఎవరెస్టు అడగలేదు మహాప్రభో! మన తూర్పు కనుమల్లో ఎంత పెద్ద శిఖరమైనా 1,700 మీటర్లు దాటదు. నేనడిగింది అందులోనూ ఒక పేరులేని కొండ.

సరే, వెళ్ళాం. విశాఖ వాళ్ళకి టైడా కొత్తేమీ కాదు. శృంగవరపుకోట దాటి ఘాటు రోడ్డు ఎక్కాక అరకు దారిలో తగిలే చిన్న ఊరు. కిరండూల్ లైను మీద స్టేషను కూడా ఉంది. ఒకప్పుడు మా విశాఖ జిల్లాలోదే, 2022 నించి అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది. అరకు వెళ్ళే జనమంతా కిటికీలోంచి ఆ కొండల్ని చూసి 'ఆహా' అనేసి ముందుకు పోతారు. నేనూ నాలుగైదుసార్లు ఆహా అన్నదాన్నే. కిటికీలోంచి ఆహా అనడానికీ, వాటి మీద కాలు పెట్టడానికీ ఎంత తేడా ఉందో పావుగంటలో తెలిసొచ్చింది.

పంజాబీ డ్రెస్సు, మా అబ్బాయి పాత కాన్వాసు బూట్లు. తెల్లారగట్ల మంచులో ఆ ఊరి కుర్రాడొకడు ముందు నడుస్తుంటే బయల్దేరాం. సంచీ నేనే మోస్తానని పౌరుషపడ్డ మా వారు మొదటి మలుపులోనే దాన్ని నాకిచ్చారు. సిల్వర్ ఓక్ చెట్లకి మిరియపు తీగలు, వాటి నీడన ఎర్రటి పళ్ళతో కాఫీ మొక్కలు. రోజుకి మూడుసార్లు కాఫీ కలిపే నేను కాఫీపండు చేత్తో పట్టుకోవడం అదే మొదలు. గింజ మీద గుజ్జు తియ్యగా ఉంటుందని కుర్రాడు చెప్తే తిని చూశాను. నిజమే, తియ్యగానే ఉంది.

గంటన్నరకి ఆయాసం వచ్చింది. అబద్ధం ఎందుకూ, ఒకచోట రాయి మీద కూలబడి, అత్తగారే గెలిచారేమో అనిపించింది. "దిగిపోదామా?" అన్నారు మా వారు, ఆశగా. ఆ ఆశ చూశాకే లేచాను.

అప్పుడే ఎదురైంది ఒకామె. నెత్తిన కట్టెలమోపు, కాళ్ళకి ఏమీ లేవు. నా ఈడుదే అయ్యుంటుంది. మమ్మల్ని చూసి మోపు దించుకుని నవ్వింది.

"ఏటమ్మా, పైకెల్తన్నారు? దేముడేటి లేడే అక్కడ."

"తెలుసమ్మా. ఊరికే ఎక్కుతున్నాం. ఇవాళ నా పుట్టినరోజు."

"ఊరకేనా!" అంది. మా చుట్టాల 'మరి?' లాంటిది కాదది. వింత చూసినట్టు మనసారా నవ్వింది. వాళ్ళ ఊరు ఆ గట్టుకి అవతల ఉందిట. కట్టెలకీ, సంతకీ, నీళ్ళకీ రోజూ ఎక్కడమే, దిగడమే. పోయిన వానాకాలం కోడలికి నొప్పులొస్తే డోలీ కట్టి నలుగురు మోసుకొచ్చారట. "జారితే ముగ్గురి పేనాలూ పోయేవి. బతికారు, ఆడపిల్ల" అంది. మంచినీళ్ళ సీసా ఇస్తే ఎత్తి పోసుకుని తాగి, మోపు నెత్తికెత్తుకుని నేను మాట వెతుక్కునేలోగా దిగిపోయింది.

ఈ ముక్క రాయగానే ఒక ఆక్షేపణ వస్తుందని నాకు తెలుసు. ఇంటికొచ్చి చెప్పగానే ఆడపడుచు అననే అంది కూడా, "వాళ్ళకి రోడ్లే లేవు, మీకు అక్కడ వేడుకా?" అని. బాగుంది. ఆవిడ పోయినేడు అదే దారిలో అరకు వెళ్ళి, బొంగులో చికెన్ తిని, థింసా నాట్యంలో చేతులు కలిపి, ఫోటోలు దిగి వచ్చింది. ఏసీ కారులో వెళ్ళినప్పుడు గుర్తురాని రోడ్లు నేను కాళ్ళతో వెళితే గుర్తొచ్చాయి! నేను కొండ ఎక్కడం మానేస్తే ఆ ఊరికి రోడ్డు వస్తుందా? డోలీ వార్తలు నేనూ ఏళ్ళ తరబడి పేపర్లో చదివాను, చదివి పప్పులో పోపు వేసుకున్నాను. వట్టి సంచీతో ఎక్కలేక రాయి మీద కూలబడ్డ చోటునే, నిండు గర్భిణిని మోసుకుంటూ వానలో దిగారని విన్నప్పుడు గానీ ఆ నాలుగు లైన్ల వార్త బరువెంతో నాకు తెలియలేదు. ఆవిడ రోజూ తప్పక ఎక్కుతోంది, నేను ఒక్కరోజు కోరి ఎక్కాను. ఆవిడకి ఎక్కక్కర్లేని రోడ్డు రావాలి, నాకు ఎక్కే స్వేచ్ఛ రావాలి. ఒకటి అడిగితే రెండోది అడగకూడదని ఎవరన్నారు?

పైకి చేరాం. ఏమీ లేదు. గుడి లేదు, గంట లేదు, కొబ్బరికాయ కొట్టే రాయి లేదు. నా చేతులు అలవాటుగా పైకి లేచి, ఎవరికి జోడించాలో తెలియక మళ్ళీ దిగాయి. కింద లోయలో ఇనప ఖనిజం గూడ్సు ఒకటి సొరంగంలోకి దూరి, ఎంతసేపటికో అవతల తేలింది. నేను దాని పెట్టెలు లెక్కపెడుతూ కూచున్నాను. ఎవరి కోసమూ ఏమీ కోరుకోకుండా అంతసేపు కూచోవడం నాకు జ్ఞాపకం ఉన్నంతలో అదే. మా వారు కాసేపు అటూ ఇటూ తిరిగి, "ఇప్పుడేం చేద్దాం?" అన్నారు. పులిహోర తిందామన్నాను.

మోకాళ్ళ మాట దాచను. దిగేటప్పుడు నొప్పెట్టాయి. ఎక్కడం కంటే దిగడమే మోకాళ్ళకి బరువు, ఎవరినడిగినా చెప్తారు. రెండు రోజులు మెట్లు దిగలేక గోడ పట్టుకున్నాను. తిరుపతి నించి వచ్చాక వారం పట్టుకున్నాను, అప్పుడు దాన్ని పుణ్యం అన్నారు.

రాత్రి ఇల్లు చేరేసరికి అత్తగారు మేలుకునే ఉన్నారు. తలుపు తీసి, నా బూట్ల వంక ఒకసారి చూసి, ఏమీ అనకుండా కుడిచెయ్యి చాపారు.

"ఏమిటత్తయ్యా?"

"కొండ మీంచి వచ్చావుగా. ప్రసాదమేదీ?"

ఆవిడ వేళాకోళం ఆడలేదు, అలవాటు కొద్దీ చాపేశారంతే. డబ్బాలో పులిహోర కాస్త మిగిలి ఉంటే చేతిలో పెట్టాను. కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నారు.

ఉప్పు తక్కువైందన్నారు.