జలం, అనుతాపం, రాబోవువాడు

గత కార్తికమాసంలో ధర్మపురి గోదావరిలో స్నానం ముగించుకొని మెట్లెక్కుతుండగా సిరిసిల్ల నుండి వచ్చిన ఒక నేత గృహస్థు నన్ను ఆపి అడిగాడు: "అయ్యగారూ, మా తమ్ముడు కోరుట్లల ఉంటడు. వచ్చే ఆదివారం బాప్తిస్మం తీసుకుంటనంటున్నడు. ఏసు వస్తడని మన వేదాలల్లనే రాసి ఉన్నదట, కరపత్రం గూడ ఇచ్చిండ్రు. అది నిజమేనా?" జగిత్యాల బస్సు కదిలేలోపు నేను చెప్పగలిగింది "కాదు" అనే ఒక్క మాట. ఆ ఒక్క మాట సమాధానం కాదని ఇంటికి వచ్చిన తరువాత తోచింది. అందుకే ఈ వ్యాసం.

కరపత్రంలోని వాదం కొత్తది కాదు. బ్రాహ్మణగ్రంథాలలో ప్రజాపతి తన్ను తాను యజ్ఞంగా దేవతలకు అర్పించుకొన్నాడని ఉన్నది. ఆ ప్రజాపతియే క్రీస్తు అని వంగదేశీయుడైన కృష్ణమోహన బెనర్జీ 1875లోనే ఒక ఆంగ్లగ్రంథం వ్రాశాడు. ఆయన సంస్కృతపండితుడు, చదివి వ్రాసినవాడు. నేటి కరపత్రకర్తలకు ఆ శ్రమ కూడా లేదు. బ్రాహ్మణాలలోని ప్రజాపతి యజ్ఞస్వరూపాన్ని వివరించే తత్త్వం. సృష్టియే యజ్ఞమని చెప్పడం అక్కడి తాత్పర్యం. భవిష్యత్తులో ఒక దేశంలో ఒక పురుషుడు జన్మిస్తాడనే సూచన ఆ సందర్భంలో ఎక్కడా లేదు. ఇక భవిష్యపురాణంలో శాలివాహనుడు హిమాలయాలలో ఈశపుత్రుణ్ణి చూచాడనే కథ ప్రతిసర్గపర్వంలోనిది. ఆంగ్లేయుల పాలన ప్రస్తావన కూడా ఆ పర్వంలోనే కనిపిస్తుంది. అంతటి అర్వాచీనమైన భాగాన్ని ఆర్షవాక్యంగా ఎవరు చూపినా అంగీకరింపజాలము.

అయితే మన పక్షం నిర్దోషమా? ఏసు మన దేశానికి వచ్చి విద్య నేర్చుకొని వెళ్లాడని 1894లో నోటోవిచ్ అనే రష్యన్ యాత్రికుడు ప్రచురించిన కథను మనవారు నేటికీ ప్రవచనవేదికలపై చెబుతూనే ఉన్నారు. నాటి పండితులు విచారించి అది కల్పితమని తేల్చారు. ఒకరి శాస్త్రాన్ని ఒకరు సాక్షిగా బోనులో నిలబెట్టే ఈ పద్ధతి రెండు వైపులా ఒకే దోషం. ఏ గ్రంథాన్నైనా దాని ఉపక్రమోపసంహారాలతో చదవాలని మీమాంసకులు మనకు నేర్పిన నియమం పరగ్రంథానికి వర్తించదా?

ఆ నియమంతోనే బైబిలును చూద్దాం. మెస్సీయ అంటే అభిషిక్తుడు. దేవాలయాలలో నిత్యం అభిషేకం చూచే మనకు ఈ మాట దూరమైనది కాదు. అక్కడ తైలంతో అభిషేకం, రాజులకూ యాజకులకూ. యెషయా గ్రంథం యూదుడు కాని పారశీక చక్రవర్తి కోరెషును కూడా అభిషిక్తుడనే పిలిచింది. అరణ్యంలో ప్రభువుకు మార్గం సిద్ధపరచుమనే ప్రసిద్ధవాక్యం కూడా ఆ గ్రంథంలోనిదే. బబులోను చెరలో ఉన్న ప్రజలకు స్వదేశానికి తిరిగి వెళ్లే దారి తెరచుకొంటుందనే ఊరటగా అది పుట్టింది. శతాబ్దాల తరువాత సువార్తకారులు ఆ వాక్యాన్ని యోహానుకు అన్వయించారు. హీబ్రూ పాఠంలో "అరణ్యంలో" అనే పదం మార్గానికి చేరుతుంది. సువార్తలలో అది కేకవేసేవానికి చేరింది. పదవిభాగం మారితే అర్థం మారుతుందని మన వ్యాఖ్యాతలకు వేరే చెప్పనక్కరలేదు. యూదులు నేటికీ ఆ అన్వయాన్ని అంగీకరించరు. భవిష్యవాణి అనేది గణితఫలం వలె తేలేది కాదు, విశ్వాసి హృదయంలో అర్థాన్ని పొందేది. కల్కి అవతారాన్ని ప్రతీక్షించే మనకు ఇది అర్థం కావాలి.

ఈ విషయంలో నన్ను మిక్కిలి కదిలించినది వేరొక ఘట్టం. రాబోవువాడు తనకంటె గొప్పవాడని, ఆయన చెప్పుల వారు విప్పుటకైనా తాను తగనని యొర్దాను తీరంలో చాటిన ఆ యోహానే, హేరోదు చెరసాలలో పడిన తరువాత శిష్యులను ఏసు వద్దకు పంపి, రావలసినవాడవు నీవేనా, లేక మరొకరి కోసం ఎదురుచూడాలా అని అడిగించాడు. ప్రవచించినవానికే సందేహం! ఏసు అవునని చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. గుడ్డివారు చూస్తున్నారు, కుంటివారు నడుస్తున్నారు, దరిద్రులకు శుభవార్త అందుతున్నది, చూచినదే వెళ్లి చెప్పండి అన్నాడు. ఈ సందేహాన్ని దాచకుండా వ్రాసి ఉంచిన గ్రంథం గౌరవార్హం. సిరిసిల్ల గృహస్థుని జేబులోని కరపత్రంలో ఈ సందేహానికి చోటు లేదు.

ఇక బాప్తిస్మం. తెలుగు బైబిలు అనువాదకులు పశ్చాత్తాపానికి "మారుమనస్సు" అనే చక్కని మాట వాడారు. గ్రీకు మూలపదం బుద్ధి మారుటను చెబుతుంది. యూదుల హీబ్రూ పదం తిరిగి వచ్చుటను. నీటిలో మునగడానికి వచ్చిన కొందరిని యోహాను సర్పసంతానమని గద్దించాడు. మారుమనస్సుకు తగిన ఫలం చూపమన్నాడు. మేమేం చేయాలని జనులు అడిగితే ఉపవాసమో జపమో చెప్పలేదు. రెండు అంగీలున్నవాడు లేనివానికి ఒకటి ఇవ్వాలి; సుంకరి నిర్ణయించినదానికంటె ఎక్కువ వసూలు చేయరాదు; సైనికుడు బెదిరించి లాగుకొనరాదు. నేడు సిరిసిల్లకు వస్తే సాంచాల ఆసామికి, వడ్డీవ్యాపారికి ఆయన ఏమి చెప్పేవాడో ఊహించడం కష్టం కాదు. ఆ శతాబ్దపు యూద చరిత్రకారుడు జోసెఫస్ కూడా యోహానును గురించి వ్రాశాడు: ధర్మాచరణచేత ఆత్మ ముందే శుద్ధి పొందినవానికే ఆ స్నానం, అది దేహశుద్ధి కోసమే గాని పాపక్షమ కోసం కాదు.

మనుస్మృతి పదకొండవ అధ్యాయం చెప్పేదీ దీనికి దగ్గరదే. పాపాన్ని బయటకు చెప్పుకోవడం, అనుతాపపడటం, మరల చేయనని నివర్తించడం: వీటిచేతనే శుద్ధి. ఋగ్వేదం ఏడవ మండలంలో వసిష్ఠుడు వరుణుని అడిగే ప్రశ్న ఇంకా లోతైనది. మిత్రుడనైన నన్ను దండించేంతగా నేను చేసిన అపరాధమేమిటి, చెప్పు, త్వరగా నీ వద్దకు తిరిగి వస్తాను అంటాడాయన. హీబ్రూ మాటలోని "తిరిగి రావడం" ఇక్కడ వసిష్ఠుని నోట వినిపిస్తున్నది. నీటిలో నిలిచి పాపనాశనానికి జపించే అఘమర్షణసూక్తంలో పాపం అనే మాటే లేదు. ఋతం, సత్యం ముందుగా పుట్టాయనే సృష్టివర్ణనమే ఉన్నది. దానిని నీటిలో ఎందుకు జపించమన్నారో నాకు తోచిన కారణం ఇది: నేను తప్పిన ఋతం నాకంటె ముందున్నదని గుర్తు రావాలి.

2015 ఆషాఢంలో గోదావరి పుష్కరాలకు ధర్మపురి జనసముద్రమయింది. మునిగినవారిలో ఎందరం మరల చేయనని అనుకొన్నాము? నన్ను కలుపుకొనే అడుగుతున్నాను. ఈ లోపం ఒక్క మతానిది కాదు. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో గుండ్లకమ్మ నదిలో ఒకే రోజు 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. అది మహాక్షామం తరువాతి కాలం. అన్నం కోసం వస్తున్నారన్న శంకతో ఆ మిషనరీ క్లౌ దొర క్షామసహాయం సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపి ఉంచాడు. ఆ శంక ఆయనకే కలగడం గమనింపదగినది. మరొక వైపు, మునిపల్లెకు చెందిన కలగర సుబ్బారావుగారు 1942లో క్రీస్తుదర్శనం కలిగిందని చెప్పి, జీవితాంతం క్రీస్తుభక్తునిగా ఉండి, బాప్తిస్మాన్ని మాత్రం నిరాకరించారు. పాదరీలకు ఆయన కొరుకుడు పడలేదు, మనవారికీ పడలేదు.

ఆ గృహస్థు మొన్న మళ్లీ కనిపించాడు. తమ్ముడు బాప్తిస్మం తీసుకొన్నాడట. మద్యం మానాడట, భార్యను కొట్టడం మానాడట. ఇది చెప్పేటప్పుడు అతని గొంతులో సంతోషం ఉన్నది, సిగ్గు కూడా ఉన్నది. కరపత్రం మాట అబద్ధమని మళ్లీ చెప్పాను. తమ్ముని నడవడి మారడం నిజమైతే అది యోహాను అడిగిన ఫలమేనని కూడా చెప్పాను. మన పదకొండవ అధ్యాయం అడిగేదీ అదే. అతడు కాసేపు ఊరుకొని అసలు బాధ బయటపెట్టాడు: "2027 పుష్కరాలకు ఇక్కడ నాయిన పిండం పెట్టాలె. ఇద్దరం కలిసి పెట్టాలనుకున్నం అయ్యగారూ. వాడు వస్తడా?"

పిండం పెట్టకపోయినా తీరానికి రమ్మని పిలువుమన్నాను. వస్తే అన్న ప్రక్కన నిలబడతాడు. కోరుట్లలోని వాని సంఘం అందుకు ఒప్పుకొంటుందో లేదో, తమ్ముడు లేకుండా పిండమేమిటని మన బంధువులు ఊరుకొంటారో లేదో, ఆ రోజు వస్తేగాని తెలియదు.