ముందు కుండ కుదరాలి!

మార్చి, ఏప్రిల్ నెలల్లో భద్రాచలం అడవుల్లో తెల్లవారకముందే సందడి మొదలవుతుంది. ఆడవాళ్లు, పిల్లలు బుట్టలు పట్టుకుని ఇప్పచెట్ల కిందికి చేరతారు. రాత్రంతా రాలిన పూలను ఏరి ఎండబెడతారు. ఇప్పపువ్వు అనగానే బయటివాళ్లకు సారా గుర్తొస్తుంది. అది కాచి, ఆవిరి పట్టి దించేది. బీరు తీరు వేరు. గింజను మొలకెత్తించి, పులియబెట్టి చేసేది బీరు.

అలాంటి గింజల పానీయమూ ఈ సరిహద్దులోనే ఉంది. భద్రాచలం నుంచి చింతూరు మీదుగా జగదల్‌పూర్ రోడ్డు పట్టుకుని బస్తర్ వైపు వెళ్తే ఆదివాసీల ఇళ్లలో కనిపించే 'లందా' అదే. బియ్యాన్ని నానబెట్టి దంచుతారు. పిండిని ఆవిరి మీద ఉడికిస్తారు. చల్లారాక మొలకెత్తించిన మొక్కజొన్నల పిండి కలిపి, నీళ్లుపోసి కుండలో ఉంచుతారు. కొద్దిరోజులకు పుల్లపుల్లగా లందా తయారవుతుంది.

'చల్లారాక' అన్న ఒక్క మాటలోనే కిటుకంతా ఉంది. మొలకల్లోని ఎంజైములే పిండిని చక్కెరగా మారుస్తాయి. సలసల కాగేదాంట్లో వేస్తే అవి పనిచేయవు. బార్లీ బీరుకూ ఇదే సూత్రం. మొలకల పిండిని దాదాపు 65 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు ఉంచుతారు. వచ్చిన చక్కెరనీళ్లను మరిగించి, చల్లార్చి ఈస్టు కలుపుతారు.

మన దగ్గర లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు చేస్తే ఎక్సైజు చట్టం ప్రకారం నేరమే. అమెరికాలో మాత్రం 1978లో వచ్చిన చట్టం దారి తెరిచింది. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్లు... అంటే సుమారు 757 లీటర్ల దాకా సొంతానికి చేసుకోవచ్చు. అక్కడి మనవాళ్లెవరైనా కిట్టు కొంటే చేయి ఊరుకోదు. మామిడిపండు వేద్దామా, ధనియాలు వేద్దామా, ఊరి నుంచి ఇప్పపువ్వు తెప్పిద్దామా... అన్నీ మొదటిసారే!

ఇక్కడే వస్తుంది చిక్కు. ఎండిన ఇప్పపువ్వులో చక్కెర దండిగా ఉంటుంది. దాంతో మత్తు పెరుగుతుంది, రుచి మారుతుంది. నేలమీద ఏరిన పువ్వు కాబట్టి దాంతోపాటు సూక్ష్మజీవులూ వస్తాయి. బీరు పులిసిపోతే తప్పు పువ్వుదా, సరిగ్గా కడగని గిన్నెదా, వేడిదా? తేల్చుకోవడం కష్టం. పులియడం పూర్తికాకముందే సీసాల్లో పోసి బిగిస్తే అవి పేలిపోయే ప్రమాదమూ ఉంది.

మరి ప్రయోగాలకు ముహూర్తం ఎప్పుడు? ఏమీ కలపని సాదా బీరు వరుసగా రెండు మూడుసార్లు ఒకే రుచిలో వచ్చినప్పుడు. పులుపు వస్తే అది ఎందుకొచ్చిందో చెప్పగలిగినప్పుడు. అప్పుడైనా ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. ఇరవై లీటర్లు కాస్తే పదిహేను సాదాగా ఉంచి, అయిదింటిలో కొత్త సరుకు వేయాలి. రెండూ పక్కపక్కన పెట్టుకుని రుచి చూస్తే తేడా తెలుస్తుంది. ఏం వేశారో, ఎంత వేశారో, ఎన్ని రోజులు ఉంచారో పుస్తకంలో రాసుకోవాలి.

కిట్టు కొన్నవాళ్లకు బీరు చెడితే పోయేది నాలుగు డాలర్లు. అడవి పల్లెలో కుండ చెడితే పోయేవి తిండిగింజలు. అన్నం వార్చడం వచ్చాకే కదా, ఎవరైనా పులిహోర కలిపేది!